అత్తమ్మ పారేయని మందు

ఈ సూది నా నడుము నిలబెట్టింది. మా అత్తమ్మను చంపినంత పని చేసింది. రెండూ ఒకే ఇంట్ల, ఒకే ఫ్రిజ్‌ల ఉన్న మందుతోనే జరిగినయి. మొదటి సంగతి అందరూ అడుగుతరు, "ఏం సూది మేడం, యాడ దొరుకుతది?" అని. రెండోది ఎవ్వరూ అడగరు. అందుకే రాస్తున్న. ఇప్పుడామె బాగానే ఉన్నది. పక్క అర్రల కూసోని, నేను గంట నుంచి కాయితాలు ముందలేసుకున్ననని తిడుతున్నది. ఆ తిట్లు వినబడుతుంటెనే నాకు ధైర్యం.

ఎండకాలం

తెలంగాణ ఇస్తమని చెప్పి, ఇచ్చిన మాట వెనక్కు తీసుకున్నంక కొట్లాట ముదిరిన రోజులవి. నేను మెదక్‌ల ఒక ప్రైవేటు హైస్కూల్ల సోషల్ చెప్తుంటి. మా ఆయన వెంకటేశం బస్సు డిపోల కండక్టర్. పిల్లలిద్దరు పట్నంల హాస్టల్ల ఉండె. ఇంట్ల మిగిలింది మేమిద్దరం, మా అత్తమ్మ లచ్చమ్మ.

ఒకనాడు పొద్దుగాల నల్లా కాడ బిందె ఎత్తిన. నడుముల ఎండుకట్టె విరిగినట్టు సప్పుడైంది. పక్కనున్నోళ్లకు వినబడలేదు, నాకే వినబడ్డది. బిందె కింద పడ్డది. పడితే లేవనని ఎట్ల తెలిసిందో ఏమో, నేను గోడ పట్టుకొని అట్లనే నిలబడ్డ. ఊపిరి తీస్తే నొప్పి, తీయకపోతే భయం.

ఇక్కడి దవాఖానల గోలీలిచ్చి పంపిన్రు. నొప్పి తగ్గలేదు. పట్నంల బొక్కలు, ఎముకలు చూసే డాక్టరమ్మ ఫోటో తీయించి వెలుతురుకు పట్టి చూసింది. వెన్నుల రెండు పూసలు కుంగినయట. "నలభై ఏడేండ్లకే ఇట్ల ఎందుకైంది? గర్భసంచి ఉన్నదా?" అని అడిగింది.

"ముప్పై రెండేండ్లకే తీసేసిన్రు."

"అండాశయాలు?"

"అన్నీ ఊడ్సిన్రు. మా వాడకట్టుల ఆ వయసు దాటినంక గర్భసంచి ఉన్న ఆడిమనిషిని చూపిస్తే మీకు దండేస్త డాక్టరమ్మా."

ఆమె నవ్వలేదు. నేను గూడ నవ్వియ్యడానికి చెప్పలేదు. కడుపుల నొస్తుందంటే చాలు, పన్ను పీకినట్టు గర్భసంచి పీకుతరు. బొక్కలు ఎండిపోతయని అప్పుడు ఒక్కలు చెప్పలేదు. చదువుకున్నదాన్ని, అడగాల్సింది నేనే గదా అంటరా? కడుపు పట్టుకొని మెలికలు తిరిగేటామె డాక్టర్‌కు ప్రశ్నలేసి వైవా పెట్టదు.

అప్పుడు చెప్పింది ఈ సూది గురించి. "ఇది పెప్టైడ్ మందమ్మా. మన ఒంట్ల తయారయ్యే హార్మోన్‌ల ఒక ముక్క. మింగితే కడుపుల అరిగిపోతది గాబట్టి సూదే గతి. రోజూ ఏసుకోవాలె, ఏడాదిన్నర, రెండేండ్లు. మిగిలిన మందులు ఉన్న బొక్కను అరగకుండ ఆపుతయి. ఇది కొత్త బొక్కను కడ్తది."

కడ్తది అన్న మాటకు నేను పడిపోయిన. మా అమ్మ నడుము వంగిపోయి, నేలను చూసుకుంటనే నడిచి నడిచి సచ్చిపోయింది. ఆఖరి రోజులల్ల నా మొఖం చూడాల్నంటే నేనే ఆమె ముందల నేల మీద కూసునేది. నేనట్ల బతకదల్సుకోలేదు.

నాకు సూది అంటే చిన్నప్పటి నుంచి చెమటలు. మా ఆయనేమో డ్యూటీ ఎక్కిండంటే ఎప్పుడొస్తడో తెల్వదు. అత్తమ్మ ముందుకొచ్చింది. "నేనేస్త తియ్. నలభై ఏండ్లు బీడీలు సుట్టిన సెయ్యి, అదురదు." నర్సు రెండుసార్లు చూపిస్తే పట్టేసింది. పెన్ను లెక్కనే ఉంటది ఆ సూది. వెనకాల గుబ్బ తిప్పాలె, తొడకు గుచ్చాలె, ఒత్తాలె. చల్లగుండాలె గని గడ్డ కట్టొద్దు. ఇవన్నీ చెప్పి నర్సు ఆఖరికి ఇంకో మాటన్నది: "పెన్ను తెరిసి నెల దాటితే లోపల ఎంత మిగిలినా పారేయాలె."

అత్తమ్మ మొఖం అప్పుడే మారింది. ఆమె సంగతి చెప్తె గని తెల్వదు. నూనె పాకిట్ అయిపోతే కత్తెరతో కోసి, లోపలి జిడ్డంతా రొట్టెకు రుద్దుతది. పచ్చడి జాడీ అడుగున వేడి అన్నమేసి తుడుస్తది. పిల్లల దగ్గు మందు సీసాల నీళ్లు పోసి, గిలకొట్టి, తనే తాగుతది. రోగం ఎవరిదైనా, సీసా అడుగు మాత్రం ఆమెదే. మా ఇంట్ల ఇది నవ్వులాట ఉండె.

వానలు పడ్డంక

సూది మొదలైంది. మొదటి రోజులల్ల ఏసుకోంగనే ఇల్లు తిరిగేది. కాళ్లల్ల తీపులు. లేచి నిలబడితే కండ్ల ముందట చీకటి. కుంగిన నడుము, కిందపడితే మళ్ల విరుగుతదేమోనని మంచం దిగాల్నంటే వణుకు. బోనాలప్పటికి నా ఓపిక అయిపోయింది.

"బంద్. ఇగ నాకొద్దు," అన్న.

"ఏమే, రాజమణీ, ఊరంత తిరిగి తెచ్చుకున్న మందు ఒద్దంటవా?"

"తొడ నాది. నా ఇష్టం."

"తొడ ఒక్కటే నీది. సెయ్యి నాది, ఓపిక నాది, పొద్దుగాల్నే లేసేది నేను."

మేమిద్దరం ఇట్లనే మాట్లాడుకుంటం. మా కొట్లాటలు విని కొత్తగ కిరాయికి దిగినోళ్లు పరేషానయితరు, పాతోళ్లు టీవీ సౌండ్ తగ్గించి వింటరు.

కొన్ని రోజులు ఆపేసిన. ఆఖరికి డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, కూసోని కాదు పండుకొని ఏసుకొమ్మన్నది, పొద్దుగూకినంక ఏసుకొమ్మన్నది. ఆగిన పెన్ను పారేసి కొత్తది తెరవమన్నది. కొత్తది తెప్పిచ్చినం. ఈసారి ఒళ్లు ఒప్పుకున్నది.

"పాత పెన్ను పారేసినవా అత్తా?"

"ఆఁ, పారేసిన తియ్."

శ్రావణం దాటేసరికి బోర్డు ముందట ఒక పీరియడ్ మొత్తం నిలబడ్డ. నడుముకు కట్టిన బెల్టు ఇప్పి కుర్చీకి తగిలిచ్చిన. పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. ఎనిమిదో తరగతి వెధవలు ఎందుకైనా చప్పట్లు కొడ్తరు గని, ఆ పూట మాత్రం నాకు ఏడుపొచ్చింది.

వాడకట్టుల వార్త పాకింది. టీచరమ్మ బలం సూది ఏసుకుంటుందట అని. పక్కింటి శ్రీకాంత్ పోలీసు సెలక్షన్లకు తయారవుతుండె. వచ్చి గుమ్మంల నిలబడి, "మేడం, పట్నంల జిమ్ములల్ల పెప్టైడ్లు ఏసుకుంటరంట. మీది కూడ గదే గదా? ఉరుకుడు పెరుగుతదా?" అన్నడు.

"ఒరే, నువ్వు గుర్రం లెక్కున్నవు. ఇది విరిగినోళ్ల మందు. విరగనోడు ఏసుకుంటే ఏమైతదో నాకు తెల్వదు, జిమ్ముల అమ్మెటోనికి అసలే తెల్వదు. కాళ్లు కావాల్నంటే జొన్నరొట్టె తిని గ్రౌండ్‌ల ఉరుకు."

వాడు మొఖం గంటు పెట్టుకొని పోయిండు. అత్తమ్మ చిక్కుడుకాయ తుంచుకుంట వింటున్నది. "విరిగినోళ్లకైతే మంచిదే గదా?" అన్నది.

"మంచిదే," అన్న.

ఆమె వైపు తలెత్తి చూడలేదు నేను. చూసినా ఏం కనబడేది? నేను ఈ ఇంటికొచ్చిన నాటికే ఆమె జర వంగి ఉన్నది. ఏడాదికింత వంగుకుంట వచ్చింది. ఆ వంపు నాకు ఆమె మొఖం లెక్కనే, కొత్తగ చూసేదేముంటది.

దసరా ముందు, సమ్మె

తెలంగాణ కోసం నౌకర్లు చేసేటోళ్లందరు సమ్మెకు దిగిన్రు. బస్సులు డిపోలనే పండుకున్నయి. మా ఆయన పొద్దంత సమ్మె టెంట్ కింద కూసునేది. బడులు బందు. నేను ఇంట్లనే ఉన్న గాబట్టే ఒకటి గమనించిన: అత్తమ్మ తిడుతలేదు.

చాయ్‌ల చక్కెర తక్కువైనా తాగి గ్లాసు పెట్టింది. మా ఆయన బురద కాళ్లతోటి లోపలికొచ్చినా ఊకుంది. మా ఇంట్ల చప్పుడు లేదంటే రోగమొచ్చినట్టే. చెంబులకు చెంబులు నీళ్లు తాగుతుండె. తిన్నది కక్కుకుంటుండె. ఒకనాడు కొడుకును పట్టుకొని "బాపూ" అని పిలిచింది, ఎప్పుడో సచ్చిపోయిన తన నాయిన అనుకొని. మా ఆయన నవ్విండు. నేను నవ్వలేదు.

ఇక్కడి డాక్టర్ పైత్యమన్నడు. నేను ఒప్పుకోలేదు. వాదన పెట్టుకొని రక్తపరీక్ష చేయించిన. రిపోర్టు చూసినంక ఆయన గొంతు మారింది. "క్యాల్షియం చాన ఎక్కువున్నది. పట్నం తీస్కపోండ్రి, లేటు చెయ్యకుండ్రి."

కిరాయి జీపు దొరికేటప్పటికి తాతలు దిగొచ్చిన్రు. మా ఆయన ముందల కూసున్నడు. వెనకాల అత్తమ్మ తల నా ఒడిల. నడుముకు బెల్టు మళ్ల బిగిచ్చిన. గుంతల పడ్డప్పుడల్ల నా పూసలు గూడ కలిసి కూలబడ్తయని భయం. నర్సాపూర్ దిక్కు అడవి రోడ్డు వద్దని, డ్రైవర్ తూప్రాన్ మీదికెళ్లి పోనిచ్చిండు.

ఊరు దాటినంక అడిగిన. "అత్తా, నా క్యాల్షియం గోలీలు ఏమన్న మింగినవా? నిజం చెప్పు."

కండ్లు మూసుకొనే అన్నది. "మింగిన. పాలల్ల కలుపుకునే పొడి గూడ రోజూ తాగిన."

"అది విటమిన్ డి పొడి, వారానికొకటే తాగేది!"

"పెన్ను పారెయ్యలే. నేనే ఏసుకున్న. నెలయినప్పుడల్ల మిగిలింది గూడ."

నాకు తిట్టబుద్ధయింది, నెలలు లెక్కపెట్టుకున్న. మూడు నెలలు. నా తొడకు గుచ్చిన చెయ్యే, నేను అటు తిరగంగనే, ఆమె తొడకు గుచ్చుకున్నది.

"ఎందుకే అత్తా?"

"నాకు మాత్రం నడుము లేదా?"

తూప్రాన్ కాడ రోడ్డు మీద జనం. సమ్మెకు మద్దతుగ రోడ్డు ఆపి వంటావార్పు చేస్తున్నరు. తారు మీదనే మూడు రాళ్లు పెట్టి పొయ్యిలు, వాటి మీద పెద్ద గంజులల్ల అన్నం ఉడుకుతున్నది. లారీలు ఆగినయి, మా జీపు ఆగింది. మా ఆయన దిగి బతిమాలడానికి పోయిండు. నేను డాక్టరమ్మకు ఫోన్ కలిపి మొత్తం చెప్పిన. ఆమె విని, మెల్లగ ఒక్కటే అడిగింది. "ఆమెకు ఎప్పుడైనా కాన్సర్ వచ్చిందా? రేడియేషన్ ఇచ్చిన్రా? జాగ్రత్తగ చెప్పండి."

"లేదు లేదు. ఇరవై నాలుగేండ్ల నుంచి ఒక్క ఇంట్ల ఉన్నం, నాకు తెల్వదా?"

ఒడిలకెళ్లి గొంతు. "కరెంటు పెట్టిన్రు."

"ఏంది?"

"పొత్తికడుపుకు కరెంటు పెట్టిన్రు. పట్నంల. నా కొడుకు చిన్నగున్నప్పుడు. ఆడోళ్ల కాన్సరే, కిందిది."

ఫోన్ చెవికి పట్టుకొనే ఉన్న. డాక్టరమ్మ కూడ విన్నది. "అట్లాంటోళ్లకు ఈ మందు అస్సలు ఇయ్యొద్దమ్మా. కరెంటు పెట్టిన బొక్కల మళ్ల కాన్సర్ పుట్టొచ్చని భయం. ముందు క్యాల్షియం దింపాలె. తొందరగ తీసుకురాండి."

నేను జీపు దిగిన. దిగొద్దన్న నడుముతోటి దిగిన. పొయ్యి కాడ గంటె పట్టుకున్న ఒక నడీడు ఆడామె ముందట నిలబడి, జోరుగ అందామని నోరు తెరిచిన. "మా అత్త..." అన్న. గంతే వచ్చింది.

ఆమె జీపులకు తొంగి చూసింది. వెనక్కు తిరిగి ఒక్క కేకేసింది. "ఒసేయ్, పొయ్యి లేపుండ్రే! ముసలమ్మ పానం మీదున్నది!"

ఉడికే గంజును చెరోదిక్కు కొంగులతో పట్టి నలుగురు ఆడోళ్లు ఎత్తిన్రు. గంజి వారి ఒకామె చేతి మీద పడ్డది, గంజు మాత్రం వదలలేదు. పిల్లలు కట్టెలు గుంజిన్రు, ఒకాయన కాలుతున్న రాళ్లను కర్రతోటి పక్కకు దొబ్బిండు. బూడిద మీదికెళ్లి మా జీపు పోయింది. ఆ చెయ్యి కాలినామె పేరు నాకు తెల్వదు. నేను జై కొట్టలేదు, దండం పెట్టలేదు. కిటికీలకెళ్లి చూసుకుంటనే పోయిన.

దవాఖాన బెంచీ మీద

అత్తమ్మను లోపలికి తీస్కపోయిన్రు. సెలైన్ మీద సెలైన్. మేం బయట బెంచీ మీద. అందరి మొఖాలు ఒకే తీరు. తలుపు తెరిసినప్పుడల్ల అందరం ఒక్కసారి లేస్తం, ఒక్కరిని పిలుస్తరు, మిగిలినోళ్లం కూసుంటం.

"నీకు తెలుసునా?" అన్న మా ఆయనతోటి.

"పదేండ్లుండె నాకు. మేనత్త కాడ ఉంచిన్రు. అమ్మ వచ్చేసరికి పొట్ట మీద తోలు నల్లగయింది. ఎవ్వరికి చెప్పొద్దని బాపు ఒట్టు ఏపిచ్చుకున్నడు. చెప్తే మనింట్ల ఎవ్వరు మంచినీళ్లు తాగరని."

"నాకు చెప్పొద్దా?"

"ఒట్టు రాజమణీ."

"బాపు పోయి పదిహేనేండ్లాయె. నీ ఒట్టు ఇంక బతికే ఉన్నదా? నీ ఒట్టు మంచిగుండాలె, నీ తల్లి పోవాలె. గంతేనా?"

బెంచీ మీదున్నోళ్లందరు మా దిక్కు చూసిన్రు. చూడనీ. మా ఆయన తువ్వాల మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. కొట్లాటల గెలిస్తే నాకు హాయిగుంటది. ఆనాడు గెలిచినా ఏం లేదు. పక్కన ఎవరో ముసలాయన ఇస్తరాకు పొట్లం ఇప్పి సగం పులిహోర మా మధ్యల పెట్టిండు. "తినుండ్రి. తిన్నంక కొట్లాడుండ్రి, బలముంటది," అన్నడు. తిన్నం.

మూడో నాడో నాలుగో నాడో, లోపలికి పిలిస్తే పోయిన. అత్తమ్మ కండ్లు తెరిసి ఉన్నది. నన్ను చూసి, నా తల నుంచి కాళ్ల దాక చూసి, అన్నది. "గా చీర ఎన్నొద్దుల నుంచి కట్టినవే? వాసనొస్తున్నవు."

నేను మంచం కడ్డీ పట్టుకొని కూలబడ్డ. నడుము నొచ్చింది. నొవ్వనీ అనుకున్న.

క్యాల్షియం దించడానికి సెలైన్ల ఒక మందు ఎక్కిచ్చిన్రు. అదే మందు బొక్కలు అరగకుండ కూడ పని చేస్తదట, కరెంటు పెట్టినోళ్లకు గూడ ఇయ్యొచ్చట. డాక్టరమ్మ ఆ మాట చెప్పంగనే అత్తమ్మ నా దిక్కు చూసింది. "ఆఖరికి నాకు గూడ దొరికింది సూడు," అన్నది. తిట్టాల్నో నవ్వాల్నో తెల్వక బయటికొచ్చిన.

బొక్కలన్నీ ఫోటోలు తీసిన్రు. ఫోటోల కోసం ఎదురుచూసిన పొద్దు గురించి నేను రాయను, రాయరాదు. కొత్తగ ఏం లేదన్నరు. "ఆమె తీసుకున్నది తక్కువే, భయపడకండి. గని ఆరునెల్లకోసారి చూపియ్యాలె. ఏ బొక్క నొచ్చినా ఊకోవద్దు," అన్నరు. భయపడకండి అన్నదీ, ఊకోవద్దు అన్నదీ ఒక్కటే నోరు. మేం ఆ రెండు మాటల నడుమ బతుకుతున్నం.

చలికాలం

ఇప్పుడు నా సూది నేనే ఏసుకుంటున్న. ఫ్రిజ్‌ల పెన్ను ఒక డబ్బాల పెట్టి తాళమేసిన. నెల తిరగంగనే దవాఖానకు తీస్కపోయి అక్కడే అప్పగిచ్చొస్త. మొదటిసారి గుచ్చుకున్నప్పుడు చెయ్యి అదిరింది, చెమటలు పట్టినయి. అత్తమ్మ గుమ్మంల నుంచి, "గట్ల కాదు, జర అడ్డంగ," అన్నది. "నువ్వు చెప్పకు, నీకు పుణ్యముంటది," అన్న. చెప్తనే ఉన్నది. ఆమె చెప్పిన తీరుగ గుచ్చుకుంటేనే నొవ్వలేదు, ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

ఈ మందు చెడ్డదని నేను రాస్తలేను. నన్ను నిలబెట్టింది. ఎవరి ఒంటికి ఏం జరిగిందో తెల్వకుండ ఇంట్ల పెడితే ఏదైనా చెడ్డదే. మీ ఇంట్ల ముసలోళ్లను అడగండి. ఏం మింగుతున్నరో అడగండి, అంతకుముందు ఏమేం దాచిన్రో గూడ అడగండి. తిడ్తరు. తిట్టనీయండి.

మొన్న పరీక్షలకు తీస్కపోయినం. ఆమె సంగతి తేలేదాక నా అన్నం నాకు సయించదు, అది ఆమెకు తెలుసు. బయట హాల్ల జనం కిటకిట. బల్ల కాడ కూసోని చీటీలు రాసే పడుచుపిల్ల తలెత్తకుండ అడిగింది. "అవ్వా, ఇంతకుముందు ఏమన్న జబ్బులున్నయా?"

మా ఆయన ముందుకు వంగి, చిన్నగ చెప్పబోయిండు. అత్తమ్మ ఆయన చెయ్యి పక్కకు నూకింది.

"నాకు గర్భసంచి మూతికి కాన్సర్ అయింది. కరెంటు పెట్టిన్రు. రాస్కో."

చెవిటోళ్లకు చెప్పినంత గట్టిగ అన్నది. హాల్ మొత్తం తిరిగి చూసింది. మా ఆయన "అమ్మా, జర మెల్లగ," అన్నడు.

"మెల్లగ చెప్పేగదరా సావుదాక పోయింది," అన్నది, వచ్చి కుర్చీల కూసున్నది.

ఆమె పక్క కుర్చీల, మొఖం దాక కొంగు కప్పుకున్న ఒకామె ఉన్నది. మా ఈడు బిడ్డెను తోలుకొని వచ్చింది. ఆ బిడ్డె నీళ్ల సీసా కోసం పోంగనే, ఆమె కొంగు జర పక్కకు తీసి అత్తమ్మ దిక్కు వంగింది.

"అక్కా, నీకు యాడ పెట్టిన్రు కరెంటు?"

అత్తమ్మ పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి చూపిచ్చింది. ఆమె కూడ పెట్టి చూపిచ్చింది. ఇద్దరు ముచ్చట మొదలుపెట్టిన్రు. లోపలి నుంచి "లచ్చమ్మా, లచ్చమ్మా" అని పిలుస్తున్నరు. నేను లేచి, తలుపు కాడికి పోయి, ఒక్క నిమిషం ఆగమన్న.